గుంత నడుమ రాడార్ అంకెను నమ్మొద్దు

సింగరేణి అడ్రియాల లాంగ్‌వాల్ గని ఎరిగినవాళ్లకు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ బొగ్గుబాయిలు కొత్తగా అనిపించవు. బొగ్గు కోసే కొద్దీ పైకప్పును మోసే షీల్డులు ముందుకు జరుగుతాయి, వెనక బొగ్గు తీసేసిన ఖాళీ (గోఫ్) కూలుతుంది, పైన నేల తొట్టిలా కుంగుతుంది. కాకపోతే సిడ్నీకి నైరుతిన టహ్మూర్ లాంటి చోట్ల ఆ నేల మీద ఇళ్లున్నాయి. ఇక్కడ సర్వేకి వచ్చే మనవాళ్లు ఇచ్చే ప్రతి అంకే ఎవరిదో ఒక ఇంటి గోడ గురించే.

ఈ కుంగుడును ఉపగ్రహ రాడార్‌తోనూ కొలుస్తారు. యూరప్ రాడార్ ఉపగ్రహాలైన సెంటినెల్-1 చిత్రాలు ఉచితం. ఒక్కో ఉపగ్రహం 12 రోజులకోసారి అదే దారిన వస్తుంది. తరంగం 5.5 సెం.మీ. కాబట్టి రెండు చిత్రాల ఫేజ్ (తిరిగొచ్చిన తరంగం ఏ దశలో ఉందన్నది) తేడాలో ఒక్కో రంగుల వలయం 2.8 సెం.మీ. కదలిక. పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడా 1.4 సెం.మీ. దాటితే వలయాల లెక్క తప్పుతుంది. కింద బొగ్గు కోసే ముఖం నడుస్తుంటే ఆ 12 రోజుల్లోనే గుంత నడుమ పదుల సెంటీమీటర్లు దిగిపోవచ్చు. అప్పుడు రంగులు చెదిరి ఇసుక చల్లినట్టు ఉంటుంది. అలా కనిపిస్తే నయమే. ఫిల్టర్ గట్టిగా పెడితేనే ముప్పు: ఇసుక నునుపై, అరవై సెంటీమీటర్లు కుంగిన చోట ఐదారే చూపిస్తుంది. కోహెరెన్స్ (రెండు చిత్రాలు ఎంత పొసిగాయో 0 నుంచి 1 దాకా చెప్పే కొలత) 0.3 లోపున్న చోటు ఖాళీగా వదిలేసి, అక్కడ నేలలో పాతిన లెవెలింగ్ పెగ్గుల కొలతలు వేయాలి.

అంచుల్లో మాత్రం రాడార్ బంగారం. కుంగుడు పక్కకు ఎంత దూరం పాకుతుందో చెప్పే డ్రా కోణం ఇక్కడి రిపోర్టుల్లో 26.5 డిగ్రీలు, అంటే లోతులో సగం దూరం: 400 మీటర్ల లోతైతే ప్యానెల్ (బొగ్గు తీసే దిమ్మ) అంచు నుంచి 200 మీటర్లు. మిగతా కదలికలన్నీ దేనితో పోల్చి లెక్కిస్తామో ఆ రిఫరెన్స్ బిందువు దానికి బాగా బయట ఉండాలి. అదే కుంగుతుంటే మిగతా ఊరంతా లేచినట్టు కనిపిస్తుంది.

రాడార్ ఏటవాలుగా చూస్తుంది. నిలువు నుంచి 39 డిగ్రీల కోణంలో 10 మి.మీ. కనిపిస్తే నిలువుగా 13 మి.మీ. అనుకుంటాం. కానీ గుంత వాలులో నేల నడుమకు కూడా జరుగుతుంది కాబట్టి గుంత మొత్తం ఉపగ్రహం వైపు తప్పుకున్నట్టు వస్తుంది. ఉపగ్రహం ఉత్తరానికి వెళ్తూ తీసినవి, దక్షిణానికి వస్తూ తీసినవి రెండూ కలిపితేనే ఇది సర్దుకుంటుంది. ఉత్తర దక్షిణాల జరుగుడు అప్పటికీ దాదాపు కనపడదు.

చెట్లున్న చోట 24 సెం.మీ. తరంగం మేలు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నాసా-ఇస్రో ఉపగ్రహం నైసార్‌లోని రెండు రాడార్లలో ఒకదానిది అదే. ఒక్కో వలయం 12 సెం.మీ.

పచ్చిక బీళ్లలో, రాడార్ తరంగాన్ని తిప్పి పంపేందుకు మీటరు, మీటరున్నర అంచున్న అల్యూమినియం మూలలు (కార్నర్ రిఫ్లెక్టర్లు) కాంక్రీటు దిమ్మె మీద బిగిస్తారు. అడుగు మూలలో రంధ్రం తప్పనిసరి. ఆకులో మట్టో అడ్డుపడి వాననీళ్లు నిలిస్తే, చిత్రంలో మెరవాల్సిన ఆ చుక్క మసకబారుతుంది.