ఎవరి మాట ఎవరి తీగలో

పరాయి దేశంలో కేబుల్ టెక్నీషియన్‌గా చేరిన తొలి నెలల్లో నేను నింపిన ఒక ఫారం గురించి మా సూపర్‌వైజర్ ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుకున్నాడు. ఒక పాత టెలిఫోన్ లైను మీద పక్క లైను సంభాషణ వినిపిస్తోందని ఫిర్యాదు వస్తే, పరీక్షించి రమ్మని నన్ను పంపించాడు. లైనుకు టెస్ట్ ఫోను తగిలించి చెవిన పెట్టుకున్నాను. ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. గొంతులు సన్నగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుగా ఉన్నాయి కాని ఎక్కడా తెగడం లేదు. ఇలా ఒక లైను సిగ్నల్ పక్క లైనులోకి దూరడాన్ని క్రాస్‌టాక్ అంటారు. ఫారంలో ఒక గడి ఉంది: వినిపించే క్రాస్‌టాక్ అర్థమయ్యే రకమా, అర్థం కాని రకమా? ఆ దేశపు భాషలో నాకు అప్పటికి పలకరింపులూ అంకెలూ తప్ప మరేమీ రావు. అందుకని నిజాయితీగా అర్థం కాని రకం అనే గడిలో టిక్కు పెట్టి వచ్చేశాను.

మర్నాడు ఆ కాగితం నా ముందు పెట్టి, "నీకు భాష రాకపోవడం తీగ తప్పు కాదు" అన్నాడు. ఆ గడి అడిగేది వినేవాడి సంగతి కాదు, వచ్చే సిగ్నల్ సంగతి. పక్క లైనులోని మాట మాటగానే రూపం చెడకుండా ఇటు వస్తే అది అర్థమయ్యే క్రాస్‌టాక్. గరగరగానో, బుసగానో, రొదగానో మారి వస్తే అర్థం కానిది. మొదటిది ఇతరుల గోప్యతకు సంబంధించిన విషయం కనుక ఆ రోజే సరిచేయాలి. రెండోది కొంచెం ఆగగలదు. నేను పెట్టిన టిక్కు ఇద్దరు మనుషుల సొంత మాటలను వరుసలో అట్టడుగుకు తోసేసింది.

అప్పటి నుంచి లైను మీద ఏది వినిపించినా, ఏమి వినిపిస్తోంది అన్నదాని కంటే ఎవరిది వినిపిస్తోంది అన్నదే ముందు అడగడం అలవాటు చేసుకున్నాను. క్రాస్‌టాక్‌ను గుర్తించడం అంటే అసలు ఇదే. శబ్దం ఉందని చెప్పడానికి చెవి చాలు. అది ఫలానా లైనుదేనని రుజువు చేయడానికి మాత్రం పద్ధతి కావాలి. నాతో పనిచేసే జర్మన్ మిత్రుడు దీన్ని నేబెన్‌ష్ప్రెఖెన్ అంటాడు, అంటే పక్కన మాట్లాడటం. ఫ్రెంచివారిది డయాఫొనీ. మేము నలుగురైదుగురం తెలుగువాళ్ళం మాలో మేము మాట్లాడుకునేటప్పుడు కూడా క్రాస్‌టాక్ అనే అంటాం గాని, పక్క మాట అన్నా సరిపోయేదేమో అని నాకు అనిపిస్తుంది.

ఈ పక్క మాట పుట్టే తీరు పెద్ద రహస్యమేమీ కాదు. రెండు తీగలు చాలా దూరం పక్కపక్కనే నడిచినప్పుడు వాటి మధ్య రెండు రకాల బంధాలు ఏర్పడతాయి. ఒక తీగలో వోల్టేజీ మారినప్పుడల్లా, మధ్యలో ఉన్న కెపాసిటెన్స్ (దగ్గరగా ఉన్న రెండు తీగలు కలిసి విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం) గుండా కొద్దిపాటి కరెంటు రెండో తీగలోకి చేరుతుంది. ఒక తీగలో కరెంటు మారినప్పుడల్లా, దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం రెండో తీగలో కొంత వోల్టేజీ పుట్టిస్తుంది. రెండింటికీ కావలసింది మార్పే. నిలకడగా ఉన్న వోల్టేజీ ఎంత పెద్దదైనా పక్కదాన్ని కదిలించదు. చిన్నదైనా చకచకా మారేది కదిలిస్తుంది. దీనికి విరుగుడుగా ఒక జతలోని రెండు తీగలనూ ఒకదానితో ఒకటి మెలిపెట్టే పద్ధతికి అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ 1881లోనే పేటెంట్ పొందాడు. మెలిక ఉన్నప్పుడు పక్క లైను ప్రభావం జతలోని రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది; అవతలి చివర రిసీవరు ఆ రెండింటి తేడానే చదువుతుంది కనుక సమానంగా పడినదంతా కొట్టుకుపోతుంది. అయితే కేబుల్‌లోని జతలన్నిటికీ ఒకే మెలిక ఉంటే ఒకదాని వంపు ఎప్పుడూ మరొకదాని అదే వంపుకు ఎదురుపడి ఈ లాభం పోతుంది. అందుకే మంచి కేబుల్‌ను కోసి చూస్తే ఒక్కో జత మెలిక పొడవు ఒక్కో రకంగా ఉంటుంది.

ఇదంతా నాకు పుస్తకంలో తెలిసిన విషయమే. చేతికి తెలియజెప్పింది మాత్రం ఒక ఇంటర్‌కమ్ లైను.

అదొక పెద్ద కర్మాగారం. రెండు కంట్రోల్ ప్యానెళ్ళ మధ్య సుమారు 400 మీటర్ల దూరం. మధ్యలో 25 జతల కేబుల్ ఒకటి. అందులో ఒక జత మీద ఇంటర్‌కమ్, మరో జత మీద మీటర్ల రీడింగులు ఆర్‌ఎస్-485 అనే పద్ధతిలో మోసుకొచ్చే డేటా, ఇంకొన్నిటి మీద అలారాలు. కేబుల్‌ను రెండు చివర్లా టెర్మినల్ బ్లాకులకు బిగించింది నేనే. మూడు వారాల తర్వాత, ఇంటర్‌కమ్‌లో మాట్లాడుతుంటే మధ్యమధ్యలో బుర్రుమంటోందని ఫిర్యాదు వచ్చింది. అప్పటికే వాళ్ళు ఇంటర్‌కమ్ పరికరాన్ని మార్చారు, దాని పవర్ సప్లైనీ మార్చారు. ఫిర్యాదు చేసే లైనునే అనుమానించడం ఈ వృత్తిలో అందరూ చేసే మొదటి పొరపాటు. జబ్బు ఒకరిదైతే మందు ఇంకొకరికి వేసినట్టు ఉంటుంది.

నేను చేసిన మొదటి పని ఏమీ విప్పకుండా పది నిమిషాలు వినడం. కరెంటు సరఫరా నుంచి వచ్చే రొద అయితే మంద్రంగా, ఆగకుండా ఉంటుంది, తరచుగా చాలా లైన్ల మీద ఒకేసారి వినిపిస్తుంది. సొంత సిగ్నలే ఏ అతుకు దగ్గరో తగిలి వెనక్కి వస్తుంటే, మనం మాట్లాడినప్పుడే వినిపించి మనం ఆగగానే ఆగిపోతుంది. ఇక్కడ ఆ రెండూ కావు. ఎవరూ మాట్లాడకపోయినా బుర్రుమంటోంది, ఆగుతోంది, మళ్ళీ బుర్రుమంటోంది. గడియారం చూస్తూ లెక్కపెడితే 20 సెకన్లలో 10 సార్లు వచ్చింది. రెండు సెకన్లకోసారి తప్పకుండా పలికేవారెవరా అని ప్యానెల్ అంతా కలయజూస్తే, ఆర్‌ఎస్-485 కన్వర్టరు మీది చిన్న దీపం అదే లయలో మినుకుమంటోంది. మీటర్లను ఆ యంత్రం రెండు సెకన్లకోసారి పేరుపేరునా పలకరిస్తుంది. సెకనుకు 19,200 బిట్ల వేగంతో నడిచే ఆ డేటాలో చాలా భాగం మన చెవికి వినిపించే పౌనఃపున్యాల్లోనే ఉంటుంది కనుక, ఇంటర్‌కమ్‌లో అది బుర్రుమని పలుకుతోంది. చెవి దగ్గర ఫోను, కళ్ళు దీపం మీద పెట్టుకుని నిలబడితే రెండూ ఒకేసారి వస్తున్నాయి, ఒకేసారి పోతున్నాయి.

అయినా దాన్ని రుజువు అనలేము. రెండు సెకన్లకోసారి జరిగే పనులు ఒక కర్మాగారంలో ఇంకెన్నైనా ఉండవచ్చు. ఇన్‌ఛార్జి దగ్గర ఒక్క నిమిషానికి అనుమతి తీసుకుని, అవతలి ప్యానెల్ దగ్గరున్న మా సీనియర్‌కు ఫోను చేశాను. ఆయన తెలుగాయన, నాకంటే ఎనిమిదేళ్ళ ముందు వచ్చినవాడు.

"అన్నా, డేటా జత ఒక్కసారి తీసేస్తారా?"

"తీసేశా. ఇప్పుడు విను."

"ఏమీ లేదన్నా. నిశ్శబ్దంగా ఉంది."

"పెట్టేశా. ఇప్పుడో?"

"వచ్చేసిందన్నా."

"మూడుసార్లు చూడు. ఒకసారి చూసి వాడిదే తప్పని చెప్పకూడదు."

మూడుసార్లు చూశాం. మూడుసార్లూ అంతే. తర్వాత ఆయన చెప్పిన పరీక్ష ఇప్పటికీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పలకరింపుల మధ్య వ్యవధిని సాఫ్ట్‌వేర్‌లో రెండు సెకన్ల నుంచి ఐదుకు మార్పించాడు. ఇంటర్‌కమ్‌లో బుర్రుమనడం కూడా ఐదు సెకన్లకోసారికి మారింది. ఒక తీగను పీకితే దానితోపాటు ఎర్తు సంబంధం లాంటిది ఇంకేదైనా తెగి ఉండవచ్చు కాబట్టి పీకినప్పుడు పోయిందన్న సాక్ష్యానికి ఎప్పుడూ చిన్న సందేహం అంటుకునే ఉంటుంది. లయ మార్చితే లయ మారిందన్న సాక్ష్యానికి అది లేదు.

కాగితం మీద చూపించడానికి, సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు కూడా పెట్టాం. క్రాస్‌టాక్ వెతికేటప్పుడు, గీయడం ఏ క్షణాన మొదలుపెట్టాలో స్కోపుకు చెప్పే ట్రిగ్గరు చెడిపోయిన లైను మీద కాకుండా అనుమానం ఉన్న లైను మీద పెట్టాలి. డేటా జతకు ట్రిగ్గరు ఇచ్చి, ఇంటర్‌కమ్ జతలోని రెండు తీగలకూ చెరొక ప్రోబు తగిలించి, వాటి తేడాను చూశాం. ప్రోబు ఎర్తు క్లిప్పును జతలో ఒక తీగకు తగిలిస్తే ఆ జత సమతూకమే దెబ్బతిని, కొలత కోసం మనమే కొత్త రొదను తెచ్చుకున్నట్టవుతుంది. 64 సార్లు వచ్చినదాన్ని సగటు తీయమని స్కోపుకు చెప్పగానే, ట్రిగ్గరుతో సంబంధం లేని రొదంతా కరిగిపోయి, చిన్న చిన్న ముళ్ళు మాత్రం కదలకుండా నిలిచాయి. డేటా పైకి లేచిన చోటల్లా పైకి ఒక ముల్లు, కిందికి దిగిన చోటల్లా కిందికి ఒక ముల్లు. మధ్యలో డేటా నిలకడగా ఉన్నంతసేపూ ఇటు ఏమీ లేదు. మార్పు మాత్రమే దాటుతుందని చదివినదాన్ని తెర మీద చూడటం అదే మొదటిసారి.

ఇన్‌ఛార్జికి ఒక సందేహం వచ్చింది, న్యాయమైన సందేహమే. డేటా వల్ల ఇంటర్‌కమ్ చెడితే ఇంటర్‌కమ్ వల్ల డేటా ఎందుకు చెడటం లేదు? బంధం రెండు వైపులా ఒకటే గాని, బలాలు ఒకటి కావు. ఆర్‌ఎస్-485 పంపేవాడు కనీసం ఒకటిన్నర వోల్టుతో పంపుతాడు, వినేవాడు 200 మిల్లీవోల్టుల లోపు తేడాను లెక్కలోకి తీసుకోనవసరం లేదు. ఇంటర్‌కమ్ మాట అంతకంటే ఎంతో చిన్నది. రెండు జతల మధ్య 60 డెసిబెళ్ళ విడి ఉంటే వోల్టేజీలో వెయ్యో వంతు మాత్రమే దాటుతుంది, అంటే ఒకటిన్నర మిల్లీవోల్టు. 40 ఉంటే వందో వంతు, 15 మిల్లీవోల్టులు. గట్టిగా మాట్లాడేవాడికి పక్కవాడి ఇబ్బంది తెలియదు, అందుకే ఫిర్యాదు ఎప్పుడూ మెల్లగా మాట్లాడేవాడి దగ్గర నుంచే వస్తుంది.

ఎవరిదో తేలింది. ఎందుకన్నది మిగిలింది. అదే కేబుల్‌లో పక్కనే ఉన్న మిగతా జతల మీద టెస్ట్ ఫోను పెడితే ఏమీ వినిపించడం లేదు. మరి ఈ ఒక్క జత మీదే ఎందుకు? తీగలు ఎక్కడా తెగలేదు, రెసిస్టెన్స్ సరిగ్గా ఉంది, ఇన్సులేషన్ బాగుంది. నా పని మీద నాకున్న నమ్మకం కొద్దీ కేబులే నాసిరకమని అనబోయాను. అన్న ఏమీ అనకుండా కెపాసిటెన్స్ మీటరు చేతికిచ్చాడు.

టెలిఫోన్ తరహా కేబుల్‌లో ఒక జతలోని రెండు తీగల మధ్య కెపాసిటెన్స్ కిలోమీటరుకు సుమారు 52 నానోఫారడ్లు. 400 మీటర్లకు దాదాపు 21 రావాలి. ఖాళీగా ఉన్న ఒక జతను కొలిస్తే అంతే వచ్చింది. ఇంటర్‌కమ్ జత అంతకంటే స్పష్టంగా తక్కువ చూపించింది. డేటా జత కూడా అంతే. అప్పుడు రెండు చివర్లా ఆ నాలుగు తీగలనూ విప్పి, ఒక జతలోని నారింజ రంగు తీగను ముందు దాని పక్కన బిగించిన తెల్ల తీగతోను, తర్వాత రెండో జతలోని ఆకుపచ్చ పక్కన బిగించిన తెల్ల తీగతోను కొలిచాను. రెండోసారి మీటరు 21 దగ్గరికి వెళ్ళి ఆగింది. పుట్టుకతో మెలిపడిన తోడు అది. నేను దానికి కట్టిన తోడు వేరు.

ఎలా జరిగిందో నిలుచున్నచోటే గుర్తొచ్చింది. ఆ కేబుల్‌లో మొదటి ఐదు జతలకూ తెలుపే తోడు రంగు, తెల్ల తీగల మీద వేరే చార కూడా లేదు. ఏ తెలుపు ఎవరిదో మెలికే చెప్పాలి. బిగించడానికి వీలుగా ఉంటుందని నేను జానెడు పొడవున మెలికలు విప్పేశాను. ఐదు తెల్ల తీగలూ కలిసిపోయాయి. అప్పుడు, తీగ తెగకుండా చివరిదాకా ఉంటే మోగే కంటిన్యుటీ బజరు పెట్టి, ఈ చివర తెలుపు ఆ చివర ఏ తెలుపో ఒక్కొక్కటిగా వెతికి, రెండు వైపులా ఒకే వరుసలో బిగించాను. ప్రతి తీగా చివరిదాకా సరిగ్గా చేరింది గనుక బజరు అన్నిటికీ మోగింది. నారింజకు ఆకుపచ్చ వారి తెలుపు, ఆకుపచ్చకు నారింజ వారి తెలుపు తోడుగా పడ్డాయన్నది బజరుకు తెలిసే మార్గం లేదు. మా వాడుకలో దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు. డేటా వెళ్ళే తీగ ఇంటర్‌కమ్ తీగను 400 మీటర్ల పొడవునా చుట్టుకుని ఉంది. మెలిక ఇచ్చే రక్షణే ఇక్కడ అంటించే జిగురైంది.

ఇది పాత కేబుళ్ళకు మాత్రమే పట్టే జబ్బు కాదు. నెట్‌వర్క్ కేబుల్ ప్లగ్గులో 3, 6 పిన్నులు ఒక జత, 4, 5 పిన్నులు ఒక జత. కొత్తవాళ్ళు వరుసగా 3, 4 ఒకటి, 5, 6 ఒకటి అని బిగించేస్తారు. దీపాలు వరుసగా వెలిగే చౌక టెస్టరు బాగుందంటుంది, లింకు మాత్రం తడబడుతుంది. అక్కడ పౌనఃపున్యాలు మెగాహెర్ట్జుల్లో ఉంటాయి కనుక ప్లగ్గు దగ్గర 13 మిల్లీమీటర్లకు మించి మెలిక విప్పవద్దన్న నియమం ఉంది. సర్టిఫికేషన్ టెస్టరుతో కొలిచేటప్పుడు దగ్గరి చివర క్రాస్‌టాక్‌ను, అంటే సిగ్నల్ పంపే చివరే పక్క జతలో కనిపించేదాన్ని, రెండు చివర్ల నుంచీ కొలవాలి. అవతలి చివర జరిగిన తప్పు ఇవతలికి వచ్చేసరికి కేబుల్‌లోనే నీరసించిపోయి, ఒక్క వైపు నుంచి చూస్తే కనిపించకపోవచ్చు.

ఆ సాయంత్రం రెండు తెల్ల తీగలనూ వాటి తోడు దగ్గరికి మార్చి, మెలికలు బ్లాకు అంచు వరకూ ఉండేలా కొత్తగా కోసి బిగించాను. డేటా మళ్ళీ రెండు సెకన్ల లయకు వచ్చింది. ఇంటర్‌కమ్‌లో చెవి ఎంత ఆనించి విన్నా ఏమీ లేదు. ఫారంలో కారణం అన్న చోట స్ప్లిట్ పెయిర్ అని, బిగించినవారు అన్న చోట నా పేరు రాశాను. క్రాస్‌టాక్ రకం అన్న గడి దగ్గర కాసేపు ఆగి, ఈసారి నిజంగానే అర్థం కాని రకంలో టిక్కు పెట్టాను. సూపర్‌వైజర్ అది చూసి, సంతకం చేసి, మిగతా 23 జతలూ కొలిచావా అని అడిగాడు.

మర్నాడు పొద్దున కొలిచాను. ఎరుపు తోడుగా ఉన్న గుంపులో ఇంకో రెండు జతలు దొరికాయి. వాటి మీద ఇంకా ఏ లైనూ వేయలేదు.