తామ్‌సుయ్ కొండ మీద ఆడపిల్లల బడి

మా తమ్ముడు తైవాన్‌లో, హ్సించులో చిప్ కంపెనీలో పనిచేస్తాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు నాకోసం ఒక లిస్టు రాసి ఉంచాడు. తైపే 101, సన్ మూన్ లేక్, నైట్ మార్కెట్లు. నేను తైపే దగ్గర నది ఒడ్డునున్న తామ్‌సుయ్ అన్నాను. "అక్కా, అక్కడికి సాయంత్రం పూట సూర్యాస్తమయం చూడ్డానికి వెళ్తారు, పొద్దున్నే ఏముంటుంది?" అన్నాడు. నాకు కావలసింది అక్కడి బడి.

మాది కాకినాడ. కెనడా బాప్టిస్టులు మా ఊళ్ళో మిషన్ మొదలుపెట్టింది 1874లో. మెక్లారిన్ హైస్కూలుకు ఆ మొదటి దొరల్లో ఒకాయన పేరే. దానికి రెండేళ్ళ ముందు అదే కెనడా నుంచి జార్జ్ లెస్లీ మెకే అనే ప్రెస్బిటేరియన్ (ఇంకో క్రైస్తవ శాఖ) దొర తామ్‌సుయ్‌లో ఓడ దిగాడు. ఆయన పెట్టిన ఆడపిల్లల బోర్డింగ్ బడి గురించి ఎప్పుడో చదివాను, అప్పటి నుంచి మనసులో ఉంది.

తైపే మెట్రో రెడ్ లైన్‌లో చివరి స్టేషన్ తామ్‌సుయ్. దిగగానే నది. పాత బజారు నిండా సోయా రసంలో ఉడికించి ఉడికించి నల్లగా గట్టిపడిన గుడ్లు అమ్ముతారు. తమ్ముడు నాలుగు తిన్నాడు, నాకు ఒకటే చాలనిపించింది. ఆ బజారు చివర్లోనే మెకే దొర గడ్డం విగ్రహం. ఈయన ఊరూరా తిరిగి సువార్త చెబుతూ జనం పుచ్చిపళ్ళు కూడా పీకేవాడు. లెక్క కూడా రాసుకున్నాడు, 21 వేలకు పైగా!

అక్కడి నుంచి సన్నటి రోడ్డు కొండెక్కుతుంది. 1882లో కట్టిన ఆక్స్‌ఫర్డ్ కాలేజీ ఇప్పుడు ఒక యూనివర్సిటీ ఆవరణలో ఉంది. మెకే సొంత జిల్లా, ఒంటారియోలోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ జనం చందాలు వేసుకుని పంపిన డబ్బుతో కట్టారు కాబట్టి ఆ పేరు. అది మగవాళ్ళకు. రెండేళ్ళకు, 1884లో, దాని పక్కనే ఆడపిల్లల బడి తెరిచారు.

మొదట చేరింది 34 మంది. వాళ్ళలో ఎక్కువమంది తూర్పు వైపు కొండలకు అవతల, యీలాన్ మైదానం నుంచి వచ్చినవాళ్ళే. కవలాన్ అనే ఆదివాసీ తెగ పిల్లలు. దారి ఖర్చు, తిండి, బట్టలు అన్నీ మిషనే పెట్టుకుంది. బడి పక్కనే కాపురముండే చైనీస్ కుటుంబాలు మాత్రం ఆడపిల్లకు చదువెందుకన్నాయి. ఈ మాట మనకు కొత్తేం కాదు. దానికి తోడు ఆ ఇళ్ళలో నాలుగైదేళ్ళు వచ్చేసరికే పిల్ల పాదాలు గుడ్డలతో బిగించి కట్టేసేవారు. కవలాన్‌లలో ఆ ఆచారం లేదు. ఆ కాళ్ళు ఎదిగాయి, నడిచాయి. బడి నిండడానికి దొర ఇచ్చిన బట్టలు ఎంత కారణమో, ఆ కట్టని కాళ్ళూ అంతే కారణమని నాకనిపిస్తుంది.

స్థానిక భాషను రోమన్ అక్షరాల్లో చదవడం, రాయడం, పాటలు, బైబిలు కథలు, భూగోళం, కుట్టుపని. ఇదీ చదువు. పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నది మెకే భార్య, తియున్ చాంగ్-మియా. ఆమె స్థానికురాలు. పసితనంలోనే వేరే ఇంటికి కాబోయే కోడలిగా పెంపకానికి వెళ్ళిన పిల్ల. చేసుకోవలసినవాడు చనిపోయాడు. 1878లో ఇక్కడి బ్రిటిష్ కాన్సులేట్‌లో మెకేతో పెళ్ళయింది. ఊళ్ళో ఎటు చూసినా దొర విగ్రహాలే. ఈమె కోసం మాత్రం వెతుక్కోవాలి. నాకు అది నచ్చలేదు, తమ్ముడితో అన్నాను కూడా. "మన ఊళ్ళో మాత్రం దొరసానుల విగ్రహాలున్నాయా ఏంటి?" అన్నాడు. నిజమే.

బడి తెరిచిన ఏడాదే అక్టోబరులో ఫ్రెంచి యుద్ధనౌకలు తామ్‌సుయ్ మీద గుండ్లు కురిపించాయి. తెల్లవాళ్ళ మీద కోపంతో జనం మెకే కట్టించిన ప్రార్థన మందిరాలు కొన్నిటిని కూల్చేశారు. బడి మళ్ళీ కుదురుగా నిలబడింది 1907 తర్వాత, ఇద్దరు కెనడా దొరసానుల చేతిలో. జేన్ కినీ, హన్నా కానెల్. ఇప్పుడు మనం చూసే రెండంతస్తుల ఎర్ర ఇటుకల భవనం 1916లో కట్టింది, విలియం గాల్డ్ అనే మిషనరీ గీసిన ప్లాను. కమానుల వరండాలు పొడుగ్గా సాగుతాయి. బడి ఇంకా నడుస్తోంది కాబట్టి ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి పోనివ్వరు. మేం చాలా మటుకు బయట నుంచే చూశాం.

నాకు ఇంకా ముచ్చటేసింది ఆ పక్కనే ఉన్న స్త్రీల బడి. 1910లో పెట్టారు, పెళ్ళయిన ఆడవాళ్ళకు. ఇంటి కోడళ్ళు, ప్రచారకుల భార్యలు వచ్చి ఉండి అక్షరాలు నేర్చుకునేవారు. మా అమ్మమ్మ యాభై ఏళ్ళు దాటాక సంతకం నేర్చుకుంది, అలాంటి బడి ఆవిడకు దొరికి ఉంటే చదవడం కూడా వచ్చేది.

జపాన్ వాళ్ళ పాలనలో, వాళ్ళ షింటో మతం గుళ్ళకు విద్యార్థుల్ని తీసుకెళ్ళి మొక్కించాలని ఒత్తిడి పెరిగి, 1936లో మిషన్ తన బడులను సర్కారుకు అప్పగించింది. యుద్ధం తర్వాత చర్చి చేతికి తిరిగి వచ్చాయి. 1956లో మగపిల్లల బడి, ఆడపిల్లల బడి కలిసి తామ్‌కాంగ్ హైస్కూలు అయ్యాయి. ఆవరణకు ఒక చివర మెకే కుటుంబం సమాధులున్నాయి.

తర్వాతి వారం హై స్పీడ్ రైల్లో తైనాన్ వెళ్ళాం. అక్కడిది ఇంగ్లీషు ప్రెస్బిటేరియన్ల ఆడపిల్లల బడి, 1887లో తెరిచారు. దాన్ని నడిపినవాళ్ళు జోన్ స్టువర్ట్, ఆనీ బట్లర్ అనే దొరసానులు. వీళ్ళ రూల్ ఒక్కటి నాకు బాగా నచ్చింది: కాళ్ళు కట్టిన పిల్లల్ని చేర్చుకోరు. చదువు కావాలంటే కట్లు విప్పాలి. మొదట చేరింది 18 మందే. జపాన్ ప్రభుత్వం పాదాలు కట్టడాన్ని నిషేధించింది 1915లో, అంటే ఈ రూల్ పెట్టిన 28 ఏళ్ళకు.