చుక్కలేసిన కళ్లతో పోలీసు మ్యూజియం

ఉదయం పదకొండింటికి నాన్న కళ్లలో చుక్కలు వేశారు. డాక్టరమ్మ చూసి పంపేసరికి ఒంటిగంట దాటింది. సాయంత్రం దాకా దగ్గరి వస్తువులు మసకగానే కనిపిస్తాయన్నారు. నల్లద్దాలు పెట్టుకుని కోల్‌కతా మానిక్‌తలా సెంటర్లో నిలబడి, "ఎండ దంచేస్తంది, ఏటి సేద్దామే?" అన్నారు నాన్న. ఈ ఎండలో హౌరా దాకా పోయి ఖరగ్‌పూర్ లోకల్ రైలు ఎక్కడం నాకూ ఇష్టం లేకపోయింది. కాస్త నీడ దొరికితే చాలనిపించింది.

ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డులోనే కోల్‌కతా పోలీసు మ్యూజియం ఉంది. దాని ముందు నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో, దిగింది మాత్రం ఇవాళే. ఒకప్పుడు రామ్మోహన్ రాయ్ ఉన్న ఇల్లది. 1830లో ఇంగ్లండు ఓడెక్కిన మనిషి మళ్లీ రాలేదు, 1833లో బ్రిస్టల్‌లోనే పోయారు. ఆ ఇల్లు ఎటు తిరిగి ఎటు వచ్చిందో, చివరికి పోలీసుల చేతిలో పడింది.

నాన్నకు అక్షరం కనపడదు కాబట్టి చదవడం నా వంతు. యూనిఫాంలు, తుపాకులు గబగబా దాటేశాం. మౌజర్ పిస్టళ్ల దగ్గర మాత్రం ఆగాను. 1914 ఆగస్టులో రొడ్డా అనే తుపాకుల కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్లు, 46 వేల తూటాలు విప్లవకారులు ఎద్దుబండి మీద తోలుకుపోయారు.

"గుమస్తా సెయ్యి లేకండా బండి తప్పుకోదు" అన్నారు నాన్న వెంటనే. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు పైబడి చేసిన మనిషి కదా. నిజమే, సరుకు విడిపించడానికి కస్టమ్స్‌కి వెళ్లిన కంపెనీ గుమస్తానే వాళ్ల మనిషి!

మేం ఎక్కువసేపు నిలబడింది పుస్తకం ముందు. లావుపాటి లా పుస్తకం, వెయ్యి పేజీలు దాటి ఉంటుంది. ముందు పేజీలు, వెనక పేజీలు బాగానే ఉంటాయి. మధ్యలో కాగితాల్ని చదరంగా కోసేసి గొయ్యి చేశారు. ఆ గోతిలో ఒక కోకో డబ్బా, డబ్బా నిండా పిక్రిక్ యాసిడ్ అనే పేలుడు మందు. పుస్తకం తెరిస్తే పేలాలి. చేసినాయన హేమచంద్ర కానుంగో. ఆస్తి అమ్ముకుని పారిస్ వెళ్లి బాంబుల పని నేర్చుకుని 1908 మొదట్లో తిరిగొచ్చారు.

"ఏ ఊరు?"

"మన ఖరగ్‌పూర్ పక్క మిద్నాపూరే నాన్నా."

ఈ పుస్తకం పంపింది కలకత్తా మేజిస్ట్రేటు కింగ్స్‌ఫర్డ్‌కి. 1907లో రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చి మన వాళ్లని ఊపేసిన బిపిన్ చంద్రపాల్, అదే ఏడాది ఈయన కోర్టులో సాక్ష్యం చెప్పననడం వల్లే జైలుకు పోయారు. కోర్టు బయట పోలీసుతో కలబడిన సుశీల్ సేన్ అనే కుర్రాడికి ఈయన 15 కొరడా దెబ్బలు వేయించాడు. మరి కింగ్స్‌ఫర్డ్ ఏం చేశాడంటే, పొట్లం విప్పకుండానే అల్మరాలో పెట్టేశాడు! బీహార్‌లోని ముజఫర్‌పూర్‌కి బదిలీ అయితే సామానుతో పాటు అదీ వెళ్లింది.

"పుస్తకం సదవకపోబట్టి బతికేసేడన్నమాట" అని నాన్న గట్టిగా నవ్వారు. పక్కనున్న కానిస్టేబులు మా వైపు చూశాడు. భాష అర్థం కాకపోయినా అతనూ నవ్వాడు.

ఆ తర్వాత సంగతి చెబుతుంటే మాత్రం నాన్న నవ్వలేదు. 1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో ఖుదీరామ్ బోస్, ప్రఫుల్ల చాకి అనే కుర్ర విప్లవకారులు కింగ్స్‌ఫర్డ్‌ది అనుకుని ఒక బండి మీద బాంబు వేశారు. ఆ బండిలో కింగ్స్‌ఫర్డ్ లేడు. కెనడీ అనే వకీలు భార్య, కూతురు పోయారు. చాకి పట్టుబడబోతూ కాల్చుకున్నాడు. ఖుదీరామ్‌ని ఆగస్టు 11న ఉరితీశారు. పద్దెనిమిది నిండి ఎనిమిది నెలలు. "నాను అప్రెంటీసుకి సేరిన వయసు" అన్నారు నాన్న. తల్లీకూతుళ్ల గురించి కాసేపాగి, "ఆలేటి సేసేరు పాపం" అన్నారు.

నాకు విచిత్రంగా తోచింది వేరే. ఇవన్నీ ఉరితాడు బిగించడానికి, జైలుకు పంపడానికి పోలీసులు పోగుచేసిన సాక్ష్యాలు. వాళ్లంత జాగ్రత్తగా దాచారు కాబట్టే ఇవాళ మనం చెప్పులు టకటకలాడకుండా వాటి ముందు నిలబడుతున్నాం. భక్తులు ఇన్నేసి కాగితాలు, డబ్బాలు దాచగలిగేవారా? సుభాష్ చంద్రబోస్ మీద ఉన్న 64 ఫైళ్లు కూడా 2015లో బయటపెట్టింది ఇక్కడే.

బయటికొస్తూ వేలిముద్రల సంగతి చెప్పాను. మన దేశంలో వేలిముద్రల బ్యూరో 1897లో మొదట పెట్టింది ఈ ఊళ్లోనే. వేలిముద్రల్ని రకాలుగా విడదీసే లెక్క కట్టింది ఇక్కడి పోలీసు ఉద్యోగులు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ల పై అధికారి హెన్రీ దొరగారిది. నాన్న తన బొటనవేలు చూసుకున్నారు. రేకులూ నట్లూ అరగదీసిన వేలు. ప్రతి నవంబరూ పింఛను కోసం బతికున్నానని చెప్పడానికి నాలుగుసార్లు నొక్కినా మెషీను ఒప్పుకోదు.

సాయంత్రం లోకల్లో ఝాల్‌మురి, అంటే కారం కలిపిన మరమరాలు కొన్నాం. కోలాఘాట్ వంతెన దాటాక నాన్న కాగితం పొట్లం దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, దగ్గరికి తెచ్చుకున్నారు. ఏదో స్కూలు పరీక్ష కాగితం.

"అచ్చరాలు కనపడతన్నాయి" అన్నారు. మిగిలిన మురి నా చేతిలో పోసి, పొట్లం పూర్తిగా విప్పి చూశారు.