సీసాలో నీళ్లు

1993 సెప్టెంబరు 30. ముందురోజే గణపతి నిమజ్జనం. తమ్ముణ్ణి నాయన దగ్గర వదిలి, అమ్మా నేనూ మహారాష్ట్రలోని దెగ్లూరు నుంచి లాతూరు జిల్లా కిల్లారి పక్కనున్న మేనత్త ఊరికి వెళ్లి ఉన్నాం. నాకప్పుడు ఎనిమిదేళ్లు. తెల్లవారుజామున 3.56కి భూమి కదిలిందట. నాకు గుర్తున్నది నోటినిండా మన్ను, అంతే. అక్కడివి మట్టితో పేర్చిన రాతి గోడలు, పైన దూలాలు, వాటిమీద మూరెడు మందాన మట్టి. ఎండాకాలం ఎంత చల్లగా ఉంటుందో అని మెచ్చుకునేవాళ్లం.

నన్ను తవ్వి తీస్తే ఒంటిమీద గీతలు తప్ప గాయం లేదు. మొదట చూపించిన చోట నీళ్లు తాగించి పంపేశారు. సాయంత్రానికి డొక్కలెగరేస్తున్నాను, మాట పెగల్లేదు. లారీలో సోలాపూర్ తీసుకెళ్లారు.

పిల్లల పక్కటెముకలు లేతవి, విరగకుండా వంగుతాయి, దెబ్బంతా లోపలికి పోతుందని డాక్టరమ్మ చెప్పింది. నా ఊపిరితిత్తి కమిలి, గాలి బయటికొచ్చి ఛాతీలో నిండింది. పక్కలో గాటు పెట్టి గొట్టం దించారు. రెండో కొస మంచం కింద నీళ్ల సీసాలో.

దగ్గితే బుడగలు. ఊపిరి తీస్తే గొట్టంలో నీళ్లు పైకి, వదిలితే కిందికి. అమ్మ నా ముఖం చూడ్డం మానేసి, నేలమీద కూర్చుని ఆ సీసానే చూసేది. పైకెత్తితే నీళ్లు ఛాతీలోకి పోతాయని నర్సు చెప్పింది. ఊడ్చేటప్పుడు ఎవరో ఎత్తబోతే అమ్మ పెట్టిన కేకకు వార్డంతా లేచింది.

పక్క మంచం పిల్లాడికి వాళ్ల మామ రాత్రంతా రబ్బరు బ్యాగు నొక్కి ఊపిరందించాడు. ఆయన తూగినప్పుడు అమ్మ నొక్కింది. మూడోరోజు వాణ్ణి వేరే చోటికి తీసుకెళ్లారు. ఏమయ్యాడో తెలియదు.

ఆరోరోజు గొట్టంలో నీళ్లు ఆగిపోయాయి. అమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తింది. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ నవ్వింది. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందట, గొట్టంతో ఇక పని లేదు.

తర్వాత బెలూన్లు ఊదమన్నారు. సూదులే నయం. మొదటిది నిమ్మకాయంత కూడా కాలేదు.

మేనత్త భర్త మామయ్య ఇక లేడని దెగ్లూరు వచ్చాకే చెప్పారు. అక్కడా రోజూ బెలూన్లే. నేను ఆయాసపడి ఊదినదాన్ని తమ్ముడు నా ఎదుటే టప్పుమని పేల్చేవాడు. అమ్మ వాణ్ణి ఏమీ అనేది కాదు. ఇంకోటి తీసి, "ఊదు బిడ్డా" అనేది.