ఇస్సాక్వా చేపల మెట్లు

"ఇంతింత చేపలు! ఎవరూ కూర వండుకోరా?"

అమెరికాలో, ఇస్సాక్వా సాల్మన్ హేచరీలో (గుడ్లు పొదిగించి చేపపిల్లల్ని పెంచే చోటు), చేపలు ఎక్కివచ్చే నీటి మెట్ల పక్కన అద్దం ముందు నిలబడి అమ్మ అన్న మొదటి మాట.

అద్దం అవతల ఒక చినూక్, సాల్మన్‌లోనే ఒక రకం. తోక అంచు అరిగి తెల్లబడింది, వీపు మీద బూజు మచ్చలు. ఎదురు నీటిలో ఆగి ఆగి ఈదుతోంది. సముద్రం నుంచి ఇక్కడిదాకా వచ్చింది పాపం, గుడ్లు పెట్టాక ఎలాగూ చచ్చిపోతుంది.

గుడ్ల కోసం హేచరీకి కావలసిన వాటికంటే ఎక్కువ చేపలు వస్తే? వాషింగ్టన్ రాష్ట్రంలో తినడానికి పనికొచ్చేవి ఫుడ్ బ్యాంకులకూ స్థానిక తెగలవాళ్లకూ ఇస్తారు, కొన్ని అమ్ముతారు. మరికొన్నిటిని తీసుకెళ్లి వాగుల్లో పడేస్తారు! చచ్చిన చేపని నీళ్లలో వేయడమేంటని నాకూ మొదట వింతగానే ఉండేది. అవి కుళ్లితే సముద్రం నుంచి ఒంట్లో మోసుకొచ్చిన నత్రజని, భాస్వరం వాగుకి చేరతాయి. పురుగులు బలుస్తాయి, ఆ పురుగుల్ని సాల్మన్ పిల్లలు తింటాయి.

అమ్మ అంతా విని, "మన గోదాట్లో పులస మిగిలితే కదా, వాగులో వేయడానికి" అంది.

వచ్చేదారిలో కాస్ట్‌కో స్టోర్ దగ్గర ఆపించింది. ఇప్పుడు పొయ్యి మీద సాల్మన్ పులుసు. బెండకాయలు కూడా వేసింది, అచ్చం పులసకి వేసినట్టే.