సూట్‌కేసు చక్రం దగ్గర మొదలైంది

మా క్యాంపులో ఎవరికి సెలవు మంజూరైనా ఆఫీసు వాళ్ల తర్వాత తెలిసేది నాకే. సాయంత్రానికల్లా సూట్‌కేసు ఈడ్చుకుంటూ నా మంచం దగ్గరికి వచ్చేస్తారు. "తమ్ముడూ, చక్రం అరిగిపోయింది. కాస్త చూస్తావా?"

వినడానికి చిన్న పనే. కానీ చాలా సూట్‌కేసుల్లో ఆ చక్రం ఇరుసుకు నట్టూ బోల్టూ ఉండవు. రెండు వైపులా తల నొక్కేసిన రివెట్ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌కు లొంగదు. హాక్సా బ్లేడు సందులో దూరుతుంది గానీ ముందుకూ వెనక్కూ ఆడదు. పెద్ద గ్రైండర్ పెడితే ఇరుసు సంగతేమో గానీ సూట్‌కేసు అంచు కరిగిపోతుంది. అక్కడికి వెళ్లగలిగేది రోటరీ టూల్ ఒక్కటే. చేతిలో పట్టే చిన్న మోటారు అది, కొనకు బిట్ అనే చిన్న ముక్క బిగిస్తే దాన్ని గిర్రున తిప్పుతూ కోస్తుంది, రుద్దుతుంది, చెక్కుతుంది. పల్చటి కటింగ్ డిస్క్‌తో ఇరుసు కోసేసి, కొత్త చక్రం పెట్టి, బోల్టు వేసి లాక్‌నట్ బిగిస్తే అరగంటలో పెట్టె దొర్లుతుంది.

నాది బిల్డింగ్ మెయింటెనెన్స్ పని. తలుపుల తాళాలు, తుప్పు పట్టిన స్క్రూలు, టైల్స్ మధ్య గ్రౌట్, అంతా ఇలాంటివే. డ్యూటీలో వాడే టూల్స్ కంపెనీవి. సాయంత్రం స్టోర్‌లో అప్పజెప్పి సంతకం పెట్టి రావాలి. రూములో పనులకు సొంతది ఉండాల్సిందే. మావాళ్లు ఏ కంపెనీ రోటరీ టూల్‌నైనా డ్రెమెల్ అనే అంటారు. 1932లో అమెరికాలోని రేసీన్‌లో ఆల్బర్ట్ డ్రెమెల్ పెట్టిన కంపెనీ అది. మనిషి పేరు కంపెనీ పేరై, అది కాస్తా చివరికి వస్తువు పేరైపోయింది.

నా మొదటి టూల్ పెట్టె మీద ఉన్న రెండు అంకెలు చూసి కొన్నాను. వేగం నిమిషానికి 35,000 చుట్లు, సామాను 200 ముక్కలు. ఆ 200లో సగానికి పైగా వేలి గోరంత సాండ్‌పేపర్ గొట్టాలూ, ముట్టుకుంటే విరిగే డిస్కులూ. ఇక వేగం సంగతి. ఒక ప్లాస్టిక్ స్విచ్ బాక్సుకు వైరు పట్టేంత గాడి కోద్దామని ఫుల్ స్పీడులో పెట్టాను. ప్లాస్టిక్ తెగలేదు, కరిగింది. డిస్క్ ముందుకు పోతుంటే వెనక అతుక్కుపోతోంది. స్పీడు తగ్గిస్తే, బిట్ ఆనీ ఆనకముందే మోటారు మూలిగి ఆగిపోయింది.

మా వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసే అన్న ఒకాయన ఉన్నాడు. ఆయనకు చూపించాను. స్విచ్ కూడా వేయలేదు. పొడవాటి బిట్ ఒకటి బిగించి, వేలితో నెమ్మదిగా తిప్పుతూ దాని కొనకేసి చూశాడు.

"కొన వణుకుతోంది, చూడు. ఇది గీత గీయమంటే గుంట తవ్వుతుంది."

"మరి 35,000 స్పీడు ఉంది కదన్నా?"

"అంత స్పీడుతో నువ్వేం పని చేస్తావు? 5,000 దగ్గర పెట్టి ఆనిస్తే నిలబడుతుందా లేదా, అది అడుగు."

రెండోసారి కొనేటప్పుడు ఆ మాట పట్టుకునే వెళ్లాను. ఈ టూల్‌కు తిప్పే బలం తక్కువ. పని జరిగేది వేగం వల్లే. మనం అదిమితే ఆ వేగం కాస్తా పడిపోతుంది. మంచి మోడళ్లలో బరువు పడగానే మోటారుకు కరెంటు పెంచి వేగాన్ని నిలబెట్టే ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉంటుంది. డబ్బు పెట్టాల్సింది దానికి. ప్లాస్టిక్‌కూ, పాలిష్‌కూ, వైరు బ్రష్షుకూ కావాల్సింది తక్కువ వేగమే. వైరు బ్రష్షు 15,000 దాటించకూడదని మామూలుగా రాసే ఉంటుంది. నేను దాటించాను. సూదుల్లాంటి తీగలు వచ్చి చొక్కాలో దిగాయి. కళ్లజోడు ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

బిట్ల కాడల సంగతి మనలాంటి వాళ్లకు ఇంకో తలనొప్పి. ఒక దేశంలో కొన్న టూల్‌కు ఇంకో దేశంలో కొన్న బిట్లు పెడుతుంటాం. బిట్ కాడను పట్టి ఉంచే చిన్న గొట్టాన్ని కొల్లెట్ అంటారు, పెట్టెలో వచ్చేది సాధారణంగా 3.2 మిల్లీమీటర్లది. కొన్నిచోట్ల దొరికే బిట్ల కాడ సరిగ్గా 3 మిల్లీమీటర్లు. చేత్తో బిగిస్తే పట్టినట్టే ఉంటుంది, పని మధ్యలో జారుతుంది. మూడు దవడల చిన్న చక్ కొంటే సన్నకాడ, లావుకాడ అన్నీ పడతాయి. కానీ కొన వణుకు కొంచెం పెరుగుతుంది. సన్నపని చేసేవాళ్లు సరైన సైజు కొల్లెట్ విడిగా కొనుక్కోవడమే మేలు.

వోల్టేజీ సంగతి మా రూములో కాలిన వాసనతో తెలిసింది. పై మంచం అతను 120 వోల్టుల దేశంలో కొన్న టూల్ తెప్పించుకుని, పిన్నులు మార్చే అడాప్టర్ పెట్టి 230లో గుచ్చాడు. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజీని కాదు. టూల్ ఒక్క అరుపు అరిచి పొగ వదిలింది. కార్బన్ బ్రష్షులున్న (మోటారు లోపల తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే ముక్కలు) ఇలాంటి మోటారుకు 50 హెర్ట్జా, 60 హెర్ట్జా అన్న పట్టింపు ఉండదు, వోల్టేజీ పట్టింపు మాత్రం ఉంది. ఇక్కడున్నది, రేపు తిరిగి వెళ్లే చోట ఉన్నది, రెండూ చూసుకుని కొనాలి. పనిలో పనిగా పక్కన బ్రష్షుల మూతలు రెండు బయటికి కనిపిస్తున్నాయేమో చూడండి. అవి ఉంటే అరిగిన బ్రష్షులు మనమే మార్చుకోవచ్చు.

బ్యాటరీది కొందామా అని ఊగిసలాడాను. నిచ్చెన మీద పనికి హాయి. విమానంలో విడి బ్యాటరీ చేతిసంచిలోనే పెట్టాలి, 100 వాట్ అవర్ల లోపైతే మామూలుగా పేచీ ఉండదు. 12 వోల్టులు, 2 యాంపియర్ అవర్ల బ్యాటరీ అంటే, ఆ రెండూ గుణిస్తే 24 వాట్ అవర్లే. అయినా వైరున్నదే తీసుకున్నాను. నేను కోసేది ఎక్కువగా ఇనుము. ఫోన్ చార్జర్‌తో నడిచే పెన్ను లాంటివీ వచ్చాయి, గాజు మీద పేరు చెక్కడానికి బాగుంటాయి, ఇరుసు మీద పెడితే ఆగిపోతాయి.

రూములో ఆరుగురం, మూడు షిఫ్టులు. ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రలోనే ఉంటారు. అందుకే మెట్ల కింద చోటు చూసుకున్నాను. అక్కడ రెయిలింగుకు మోటారు వేలాడదీసి ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ తగిలిస్తాను, అంటే మోటారు తిప్పుడును చేతి దాకా తెచ్చే వంగే గొట్టం. చేతిలో లావుపాటి పెన్సిలంత పిడి మాత్రమే ఉంటుంది. షాఫ్ట్‌ను మరీ మెలిపెడితే వేడెక్కుతుంది, అదొక్కటే జాగ్రత్త.

ఈమధ్య సూట్‌కేసుల కంటే స్పానర్లు ఎక్కువ వస్తున్నాయి. అందరివీ ఒకే రకం, కలిసిపోతే గొడవలు. డైమండ్ బిట్‌తో పేర్లు చెక్కమంటారు. నాకు చదవడం రాని లిపుల్లో కూడా. వాళ్లే మార్కర్‌తో రాసిస్తే దాని మీదుగా నేను గీస్తాను. మొన్న ఒకతను తన స్పానర్ తీసుకుని వెలుతురులో తిప్పి చూసి నవ్వాడు. ఒక చుక్క వదిలేశానట. ఏ అక్షరం మీదో వేలు పెట్టి చూపించాడు. మళ్లీ స్విచ్ వేశాను.