నాలుగు గంటల పని, నలభై పాళ్ల జీతం: నా అనుభవం

జీతం సరిచేయమని నేను అడిగినదానికి ఆఫీసు వాళ్ల జవాబు ఉత్తరం నిన్న చేతికొచ్చింది. కొంత దక్కింది, కొంత దక్కలేదు. మనసు ఇంకా మండుతూనే ఉంది. చల్లారాక రాస్తే మర్యాద కోసం సగం మాటలు మింగేస్తానని తెలుసు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌ రిసెప్షన్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. ఉదయం 6.30 నుంచి 10.30 దాకా, వారానికి ఆరు రోజులు. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లంతా ఆ నాలుగు గంటల్లోనే వస్తారు. పేర్లు ఎక్కించడం, బిల్లు కొట్టడం, ట్యూబుల మీద బార్‌కోడ్ స్టిక్కర్లు అతికించడం, డబ్బు తీసుకోవడం నా పని. చాలా ఏళ్ల తరవాత మళ్లీ ఉద్యోగం దొరికిందన్న సంతోషంలో, చేరేటప్పుడు వాళ్లు చెప్పిన అంకెకు తలూపేశాను.

అనుమానం మొదలైంది జీతాల రోజున. నా తరవాత రెండు నెలలకు చేరిన ఫుల్‌టైమ్ అమ్మాయి అదే కౌంటర్‌లో, అదే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తుంది. "అక్కా, ఈసారైనా మీకు పెంచారా?" అని అడిగింది. లేదన్నాను. తన జీతం ఎంతో దాపరికం లేకుండా చెప్పేసింది. నేను తన గంటల్లో సగం చేస్తాను, జీతం మాత్రం సగం కంటే బాగా తక్కువ. ఆ అమ్మాయికి నేను రుణపడి ఉన్నాను. జీతం బయటికి చెప్పకూడదన్న అలవాటు వల్ల లాభపడేది జీతం ఇచ్చేవాళ్లే. పక్క సీటులో ఎంత ఇస్తున్నారో తెలియకుండా మనది న్యాయమా కాదా అని ఎవరూ తేల్చలేరు.

ఆ మర్నాటి నుంచి ఒక చిన్న పాకెట్ డైరీలో రోజూ రెండు టైమ్‌లు రాయడం మొదలుపెట్టాను. లోపలికి వచ్చింది, బయటికి వెళ్లింది. హాజరు రిజిస్టర్‌లో అందరికీ "4 గం." అని ముందే రాసి ఉంటుంది, మనం సంతకం పెట్టడమే. డైరీలో మాత్రం వేరే కథ బయటపడింది. 6.30కి కౌంటర్ తెరవాలంటే 6.15కే వచ్చి సిస్టమ్ ఆన్ చేసి, చిల్లర లెక్కపెట్టి, లేబుల్ ప్రింటర్‌లో రోల్ వేయాలి. 10.30కి సీటు వదిలినా, క్యాష్ టాలీ చేసి తరవాతి మనిషికి అప్పగించేసరికి 11 అవుతుంది. అంటే రోజుకు ముప్పావు గంట, వారానికి నాలుగున్నర గంటలు. కాగితం మీద 24 గంటలు, కాళ్ల మీద 28న్నర. నాలుగు వారాలు ఒక్క రోజు వదలకుండా రాశాను. మీరు ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్క పని చేయండి. నెల తరవాత గుర్తు తెచ్చుకుని రాసే లెక్కను ఎవరూ నమ్మరు, ఏ రోజుకారోజు రాసింది కాదనడం కష్టం.

ఇక లెక్క. ఆ అమ్మాయి వారం జీతం 100 పాళ్లు అనుకోండి. తనకు 48 గంటలు, నాకు కాగితం మీద 24. గంటల లెక్కన నాకు 50 రావాలి, వస్తున్నది 40. అసలు గంటలు 28న్నర కాబట్టి 59 దాటాలి. గంటకు తనకు 100 వస్తుంటే నాకు 67 వస్తోంది. ఇక్కడితో ఆపేవాళ్లే ఎక్కువ. నేను ఆపలేదు. తనకు ఏడాదికి 24 రోజులు జీతంతో కూడిన సెలవులున్నాయి. నేను ఒక రోజు రాకపోతే ఆ రోజు జీతం కోత. తను నిజంగా పనిచేసే 288 రోజులకు, నేను పనిచేసే 312 రోజులకు గంట రేటు విడిగా కట్టి చూస్తే, తన 100కి నాది 62. డిగ్రీలో అకౌంట్స్ చదివింది వృథా పోలేదు. ఈ లెక్కలో తప్పు ఇప్పటిదాకా మా ఆఫీసులో ఒక్కరూ పట్టలేకపోయారు.

ప్రయాణం సంగతి కూడా చెప్పాలి. ఇంటి నుంచి వెళ్లి రావడానికి నాకు 80 నిమిషాలు పడుతుంది. ఎనిమిది గంటల పనికైనా, నాలుగు గంటల పనికైనా దారి అదే, ఖర్చు అదే. అంటే పని గంటకు దారి ఖర్చు నాకు రెట్టింపు. దీన్ని యాజమాన్యం దగ్గర అడగలేదు, అడిగినా నిలవదు. కానీ పార్ట్‌టైమ్ ఒప్పుకునే ముందు మనం మాత్రం లెక్కలో వేసుకోవాలి.

చట్టం ఏమంటుందో కనుక్కుందామని కార్మిక శాఖ ఆఫీసుకు ఫోన్ చేశాను. మూడో ప్రయత్నంలో ఎత్తిన ఆయన, "కనీస వేతనం దాటిందా? దాటితే మా దగ్గర ఏమీ లేదమ్మా" అని పెట్టేశారు. 28న్నర గంటలకు వేసి చూసినా నా జీతం కనీస వేతనం దాటుతోంది, కొద్దిగానే. మీరూ కాగితం మీది గంటలకు కాకుండా అసలు గంటలకు వేసి చూడండి, కొందరికి అక్కడే గీత కిందికి పోతుంది. కానీ కనీస వేతనం అంటే అంతకంటే దిగకూడదన్న గీత మాత్రమే. అది దాటినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. నాకు దారి చూపింది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1994లో చేసిన 175వ ఒడంబడిక, పార్ట్‌టైమ్ పని గురించిందే. అదే రకం పని చేసే ఫుల్‌టైమ్ మనిషితో పోలిస్తే, పార్ట్‌టైమ్ అన్న ఒక్క కారణంతో గంటల దామాషాలో మూల వేతనం తగ్గకూడదని అందులో ఉంది. ఆమోదించిన దేశాలకే అది వర్తిస్తుంది, నిజమే. కానీ నా మనసులో ఉన్న మాటను అంతమంది కూర్చుని రాసిపెట్టారని తెలిశాక అడగడానికి ధైర్యం వచ్చింది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 23వ అధికరణం కూడా సమాన పనికి సమాన వేతనమనే అంటుంది. అందులో "పూర్తి సమయం పనిచేసేవాళ్లకు మాత్రమే" అని ఎక్కడా లేదు.

లెక్కంతా ఒక్క పేజీలో టైప్ చేసి, మేనేజర్ గారిని పది నిమిషాల టైమ్ అడిగాను. తలుపు వేసిన గదిలో మాట్లాడతారనుకున్నాను. ఆయన తలుపు తెరిచే ఉంచారు. లోపల హెచ్‌ఆర్ ఆవిడ, అకౌంట్స్ ఆయన కూర్చుని ఉన్నారు. బయట బెంచీ మీద శాంపిల్ ఇచ్చి బిల్లు కోసం ఆగిన పేషెంట్లు ఐదారుగురు. నా కాగితం తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. "ముప్పావు గంట... ముప్పావు గంట..." అని ఆ మాట దగ్గరే రెండుసార్లు ఆగారు. అకౌంట్స్ ఆయన నవ్వారు.

తరవాత కాగితం బల్ల మీద బోర్లించి, "అమ్మా, మీవారికి మంచి ఉద్యోగమే కదా?" అన్నారు.

అవునన్నాను. అసలు ఎందుకు జవాబిచ్చానో ఇప్పటికీ తెలియదు.

"మరి ఇంకేంటి? ఇంట్లో ఖాళీగా ఉండలేక కాలక్షేపానికి వస్తున్నారనుకున్నాం. మీ జీతం మీద ఇల్లు గడవాలా ఏంటి?"

హెచ్‌ఆర్ ఆవిడ నా వైపు చూడలేదు, ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నారు. ఆవిడా ఆడదే, ఆవిడకూ ఇల్లుంది, ఆవిడ జీతం కాలక్షేపానికి ఇచ్చిందని ఎవరూ అనరు. ఆ ఒక్క నిమిషంలో ఆవిడ ఒక్క మాట అంటే ఎంత బాగుండేదో. బెంచీ మీది పెద్దావిడ మాత్రం మా వైపే చూస్తోంది. గంట కిందట నేనే ఆవిడ చేయి పట్టుకుని శాంపిల్ గదిలోకి తీసుకెళ్లాను.

చెప్పాల్సిన జవాబులన్నీ ముందురోజు రాత్రే కూర్చుని సిద్ధం చేసుకున్నాను. పార్ట్‌టైమ్‌కు తక్కువే ఇస్తారంటే ఏమనాలి, బాధ్యత తక్కువంటే ఏమనాలి, అన్నీ. మీ ఆయన సంపాదన సంగతేమిటంటే ఏమనాలో మాత్రం అనుకోలేదు. గొంతు పట్టేసింది. "సరే సార్" అని బయటికొచ్చేశాను. ఆ రోజు క్యాష్ మూడుసార్లు లెక్కపెడితే మూడుసార్లూ వేరే వేరే మొత్తం వచ్చింది, వేళ్లు వణుకుతున్నాయి. ఏడాదిలో ఒక్క రోజు కూడా నా టాలీ తేడా రాలేదు. నాలుగోసారి ఆ ఫుల్‌టైమ్ అమ్మాయి పక్కన నిలబడి నోట్లు అందిస్తే సరిపోయింది.

రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు, సాయంత్రం షిఫ్ట్‌లో చేసే అబ్బాయి ఒక మాట చెప్పాడు. కాలేజీలో చదువుతూ అతను కూడా పార్ట్‌టైమ్ చేస్తున్నాడు. "నన్ను చేర్చుకునేటప్పుడు స్టూడెంటువి కదా, పాకెట్ మనీకి చాల్లే అన్నారు అక్కా" అన్నాడు. రికార్డులు చూసే రిటైర్డ్ పెద్దాయనకు "మీకు పెన్షన్ వస్తుందిగా" అన్నారట. అప్పుడు నాకు ముడి విడిపోయినట్టు అంతా అర్థమైంది. నాకు భర్త, అతనికి తండ్రి, ఆయనకు పెన్షన్. మా ముగ్గురి జీతమూ పనిని చూసి కట్టలేదు, మాకు అన్నం పెట్టేవాళ్లు వేరే ఉన్నారని చూసి కట్టారు. నా భర్త ఇంట్లో పెట్టే ఖర్చులోంచి ఈ ల్యాబ్ తన జీతాల ఖర్చు మిగుల్చుకుంటోంది. సరే, అవసరాన్ని బట్టే జీతమంటే, ఆరుగురిని సాకే స్వీపరుకు ఆరింతలు ఇస్తున్నారా? లేదు. అవసరం గురించి అడిగేది తగ్గించడానికే, పెంచడానికి ఎవరూ అడగరు. నేను అతికించే స్టిక్కర్ తప్పితే ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్తుంది. ఆ తప్పు జరగకుండా చూసేది నా కళ్లు. అందులో మా ఆయన ఉద్యోగానికి సంబంధమేమీ లేదు.

ఆ కోపంలో రాసిన ఉత్తరమే పనిచేసింది. ఈసారి మాటల్లో పెట్టుకోలేదు. తేదీ వేసి, నాలుగు వారాల డైరీ పేజీల కాపీలు జతచేసి, మేనేజర్‌కు, ఆయన పైవాళ్లకు కలిపి ఈమెయిల్ పంపాను. గంటల దామాషాలో రేటు, క్యాష్ టాలీ సమయానికి జీతం, సెలవులు, పాత బకాయి అని నాలుగు అడిగాను. ఇంటి సంగతులు ఉద్యోగ చర్చలోకి తేవద్దని చివర ఒక వాక్యం కూడా రాశాను. మొదటే ఇలా చేయాల్సింది. గదిలో ఎదురుగా అడిగితే మన ముఖం చూసి మాట్లాడతారు. కాగితం మీద అడిగితే అంకెకు అంకెతోనే జవాబు చెప్పాలి.

పన్నెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆ పన్నెండు రోజులూ టెన్షనే, షిఫ్ట్ మార్చేస్తారేమో, మానేయమంటారేమో అని. నిన్న ఉత్తరం ఇచ్చారు. 24 గంటలకు 40 బదులు ఇకమీదట 48 పాళ్లు. 50 ఎందుకు కాదో రాయలేదు. 10 గంటలకే నా కౌంటర్ మూసి, టాలీ షిఫ్ట్ లోపలే చేసుకోవచ్చు. పొద్దున సిస్టమ్ ఆన్ చేసే పని రాత్రి డ్యూటీ వాళ్లకు ఇచ్చారు. నెలకొక జీతం సెలవు "చూద్దాం" అని నోటితో అన్నారు, ఉత్తరంలో లేదు కాబట్టి లేనట్టే లెక్క. పాత బకాయి కుదరదన్నారు. దాన్ని నేనింకా వదల్లేదు, మళ్లీ రాస్తాను. "కాలక్షేపం" అన్న మాటకు మాత్రం ఇప్పటిదాకా ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఉత్తరం కూడా హెచ్‌ఆర్ ఆవిడ చేతే పంపించారు, మేనేజర్ గారు గదిలోంచి రాలేదు.

ఇవాళ పొద్దున 6.28కి వెళ్లాను. సిస్టమ్ ఆన్ అయి ఉంది. 10.30కి బ్యాగు తీసుకుని బయల్దేరుతుంటే, సెలవు రోజు కావడంతో తొందరగా వచ్చిన సాయంత్రం షిఫ్ట్ అబ్బాయి ఆపి, తన కాలేజీ నోట్‌బుక్ చివరి పేజీ తెరిచి చూపించాడు. నిన్నటి తేదీ కింద నీలం పెన్నుతో రెండే వరసలు. వచ్చింది 4.40. వెళ్లింది 9.35.